ఇంజను దీపం వెలిగినప్పుడు

మోటారు బండి నడిపేవారి ఎదుట, వేగం చూపే ముల్లుకు పక్కన, ఇంజను ఆకారంలో ఒక చిన్న పసుపు దీపం వుంటుంది. తాళం తిప్పగానే ఒకసారి వెలిగి, ఇంజను అందుకోగానే ఆరిపోవటం దాని ధర్మం. ఆరకుండా నిలిచిపోయిందంటే లోపల ఎక్కడో ఏదో తేడా వచ్చిందని అర్థం. ఎక్కడ, ఏమిటి అన్నది మాత్రం అది చెప్పదు. ఇంజను నూనె ఒత్తిడి పడిపోయినప్పుడు వెలిగే ఎర్రదీపం సంగతి వేరు. దానిని చూసి బండి ఆపనివాడు డ్రైవరే కాదు. ఈ పసుపు దీపం వెలిగినా బండి నడుస్తూనే వుంటుంది, బరువు లాగుతూనే వుంటుంది. అందుచేత దీని విషయంలో మనుషులు రెండు తెగలుగా చీలిపోయినారు. చూడగానే గుండెలు బాదుకుంటూ గ్యారేజీకి పరుగెత్తేవారు ఒక తెగ. దానిపై నల్లటేపు ముక్క అతికించి నిశ్చింతగా తిరిగేవారు మరొక తెగ. నేను చెప్పబోయే పికప్పు బండి యజమాని రెండవ తెగకు చెందినవాడు.

ముందుగా ఒక్క మాట చెప్పటం అవసరం. ఆ దీపం నిలకడగా వెలుగుతున్నంతసేపూ ఆలోచించుకోవటానికి వ్యవధి వుంటుంది. ఆరుతూ వెలుగుతూ కొట్టుకుంటున్నదంటే వ్యవధి లేదు. ఏదో ఒక సిలిండరులో పెట్రోలు మండకుండానే బయటికి పోతున్నదనీ, సైలెన్సరుకు ముందు వుండే కాటలిటిక్ కన్వర్టరులో చేరి మండి దానిని కరిగించివేయగలదనీ అది హెచ్చరిక. అప్పుడు వేగం తగ్గించి, వీలైన చోట బండి ఆపటమే మంచిది.

ఈ దీపం పుట్టినది ఇంజను క్షేమం కోసం కాదు, గాలి కోసం. 1943 వేసవిలో లాస్ ఏంజలిస్ నగరాన్ని కళ్లు మండించే పొగ కమ్మివేసింది. యుద్ధకాలం కనుక శత్రువులు విషవాయువు వదిలినారేమోనని కూడా జనం అనుమానించారు. ఆ పొగ గుట్టు విప్పినవాడు ఏరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త. అంతకుముందు ఆయన పరిశోధన అనాసపండు వాసన మీద! మోటారు బండ్లూ, చమురుశుద్ధి కర్మాగారాలూ వదిలే వాయువులు ఎండ సోకి ఓజోనుగా మారుతున్నవని 1950ల తొలినాళ్లలో ఆయన చూపించాడు. 1967లో కాలిఫోర్నియా రాష్ట్రం వాయువనరుల మండలిని ఏర్పాటు చేసినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడూ ఆయనే. ఆ మండలి పట్టుదల వల్లనే 1988 నమూనా బండ్ల నుండి ఆ రాష్ట్రంలోనూ, మరింత కట్టుదిట్టమైన పద్ధతిలో 1996 నుండి అమెరికా అంతటానూ, ప్రతి కారూ, ప్రతి చిన్న ట్రక్కూ తన పొగను తానే కనిపెట్టుకుని చెప్పవలసిన విధి ఏర్పడింది. మన దేశపు కార్లకు కూడా ఆ బాధ్యత వచ్చింది; 2020 ఏప్రిల్‌లో బి.ఎస్. 6 ప్రమాణాలు అమలులోకి వచ్చిన తరువాత కొత్త స్కూటర్లలో సైతం ఈ దీపం కనిపిస్తున్నది. కనుక ఇది ఎక్కడో అమెరికా వారి గొడవ అని పాఠకులు అనుకోనక్కరలేదు.

నేను పని నేర్చిన రోజుల్లో ఈ దీపం లేదు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేరి ఫోర్‌మన్‌గా విరమించేవరకు నా చేతి కిందికి వచ్చినవన్నీ డీజిలు బస్సులు. వాటి పొగ రంగే మాకు దీపం. నల్లపొగ వస్తే డీజిలు ఎక్కువైందనో, గాలి చాలలేదనో అనుకునేవాళ్లం. నీలిపొగ అయితే ఇంజను నూనె మండుతున్నదని, బహుశా రింగులు అరిగినవని. తెల్లపొగ అయితే డీజిలు మండకుండా పోతున్నదని, లేకుంటే నీళ్లు సిలిండరులోకి దిగుతున్నవని. అయితే రంగు చూడగానే సామాను మార్చటానికి మా పెద్దలు ఒప్పుకునేవారు కారు. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయినా నల్లపొగే, ఇంజెక్టరు కారుతున్నా నల్లపొగే. మొదటిది దులిపితే పోతుంది, రెండవదానికి ఇంజెక్టరు విప్పాలి. నల్లపొగ చూసి తిన్నగా స్టోర్సు కిటికీ దగ్గరికి నడిచే కుర్రవాణ్ణి మా పెద్ద ఫోర్‌మన్ గారు వెనక్కి పిలిచి, ముందు ఇంజను చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి రమ్మనేవారు.

ఆ అలవాటు నాకు ఫ్రెస్నోలో అక్కరకు వచ్చింది. కాలిఫోర్నియా నడుమ శాన్ హోకీన్ లోయలో వున్న ఆ ఊరిలో మా అమ్మాయి కాపురం. వారి వీధిలో గడ్డి కోసి, చెట్లు కత్తిరించే తోటమాలి ఒకాయన వున్నాడు. మెక్సికో దేశం నుండి వచ్చి స్థిరపడినవాడు. అతని సమస్త జీవనాధారం 2001 నమూనా పికప్పు బండి. తయారు చేసిన కంపెనీ పేరు ఇక్కడ అప్రస్తుతం. ఎనిమిది సిలిండర్ల ఇంజను. అప్పటికి రెండు లక్షల పదివేల మైళ్లు నడిచింది. వెనుక తొట్టిలో రెండు గడ్డికోత యంత్రాలు, ఒక నిచ్చెన, పెట్రోలు డబ్బాలు.

ఆ రాష్ట్రపు చట్టం ప్రకారం 1976 నుండి వచ్చిన పెట్రోలు బండ్లు, మరీ కొత్తవి తప్ప, రెండేళ్లకొకసారి పొగ పరీక్షకు పోవాలి. అందులో నెగ్గకపోతే రిజిస్ట్రేషను కొనసాగదు. పసుపు దీపం వెలుగుతూ వుంటే పరీక్షలో తప్పినట్టే. తాళం తిప్పినప్పుడు ఆ దీపం వెలుగుతుందా లేదా అన్నది కూడా పరీక్షలో ఒక భాగం కనుక నల్లటేపు అక్కడ చెల్లదు. తోటమాలికి గడువు మూడు వారాలు వున్నది. ఒక గ్యారేజీకి పోయినాడు. అక్కడివారు అయిదు నిమిషాలలో కంప్యూటరులోని సంకేతాలు చదివి, నాలుగు ఆక్సిజన్ సెన్సర్లు, రెండు కాటలిటిక్ కన్వర్టర్లు మార్చాలని రాసి యిచ్చారు. కూలితో కలిపి రెండువేల నాలుగువందల డాలర్లు. బండి అమ్మితే అంత రాదు. ఆ కాగితం చదివి చెప్పమని అతడు మా గుమ్మంలోకి వచ్చాడు.

“నాన్నా, నువ్వొకసారి చూడరాదూ?” అన్నది మా అమ్మాయి. మనుమరాలు బడిలో స్పానిష్ భాష నేర్చుకుంటున్నది. దుబాసీ పని తాను చేస్తానన్నది.

కాగితంపైన రెండు సంకేతాలు వున్నవి: పి 0171, పి 0174. ఈ సంకేతాలను చాలామంది తీర్పు అనుకుంటారు. నిజానికి అవి ఫిర్యాదు మాత్రమే. అది ఏ ఫిర్యాదో తెలుసుకోవాలంటే ఇంజను గాలి ఎట్లా పీల్చుకుంటుందో కొంచెం చెప్పుకోవాలి. పెట్రోలు ఒక పాలు మండటానికి తూకంలో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. ఆ బండిలో గాలి వచ్చే దారిలో వేడి చేసిన సన్నని తీగ ఒకటి వుంటుంది. పోయే గాలి దానిని చల్లబరుస్తుంది. మళ్లీ వేడెక్కించటానికి ఎంత కరెంటు పట్టిందో చూసి, ఎంత గాలి లోపలికి పోయిందో కంప్యూటరు లెక్కకట్టి, దానికి తగినంత పెట్రోలు చిమ్మిస్తుంది. మండిన తరువాత పొగగొట్టంలో కూర్చున్న ఆక్సిజన్ సెన్సరు, ఆక్సిజన్ మిగిలిందా లేదా అని చూసి కబురు పంపుతుంది. మిగిలిందంటే పెట్రోలు చాలలేదని. కంప్యూటరు ఇంకొంచెం పెంచుతుంది. అట్లా నూటికి ఇరవై, ఇరవై అయిదు వంతుల దాకా పెంచినా ఇంకా చాలటం లేదన్న కబురే వస్తూ వుంటే, ఇక నావల్ల కాదని దీపం వెలిగిస్తుంది. పి 0171 అంటే మొదటి వరుస నాలుగు సిలిండర్లలో గాలి ఎక్కువై మిశ్రమం పలుచబడిందని. పి 0174 అంటే రెండవ వరుసలోనూ అంతే.

ఈ రెండూ జంటగా రావటమే నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన సమాచారం. రెండు వరుసలకు సెన్సర్లు వేరు వేరు, పొగగొట్టాలు వేరు, కన్వర్టర్లు వేరు. ఇద్దరు సాక్షులు, ఒకరితో ఒకరికి సంబంధం లేనివారు, ఒకే మాట చెబుతున్నప్పుడు ఇద్దరూ అబద్ధీకులే అనటం కన్నా ఆ మాట నిజమనుకోవటం సబబు. అంటే తప్పు రెండు వరుసలకూ ఉమ్మడిగా వున్న చోట వెతకాలి. ఉమ్మడిగా వున్నవి ఏవి? గాలిని కొలిచే తీగ, పెట్రోలు పంపు, దాని ఫిల్టరు, గాలిని పంచిపెట్టే ఇన్‌టేక్ మానిఫోల్డు, దానికి తగిలించిన గొట్టాలు. గ్యారేజీ కాగితంలో వీటిలో ఒక్కటీ లేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, కబురు తెచ్చిన సెన్సర్లకే శిక్ష వేశారు. కన్వర్టర్ల మాట ఆ రెండు సంకేతాలలో ఎక్కడా లేనే లేదు.

అయినా గ్యారేజీవారిని దొంగలని నేను అనను. అక్కడ పనివాడి గంటకు నూరు డాలర్లకు పైన వసూలు చేస్తారు. నిలబడి ఆలోచించిన రెండు గంటలకు డబ్బు అడిగితే ఏమి చేశావయ్యా అంటాడు బండి యజమాని. కొత్త సామాను వేసి అడిగితే మారుమాట్లాడడు. సామాను మార్చటానికి ధర వున్నది గాని, ఏది మార్చనక్కరలేదో కనిపెట్టటానికి లేదు. ఈ జబ్బు ఒక్క అమెరికాదే కాదు.

మా అల్లుడు ఇరవై డాలర్లకు ఒక చిన్న స్కానరు తెప్పించాడు. స్టీరింగు కింద పదహారు కాళ్ల సాకెట్టులో దానిని గుచ్చితే ఇంజను లోపలి అంకెలు ఫోనులో కనిపిస్తవి. దీపం వెలిగిన క్షణంలో పరిస్థితి ఎట్లా వున్నదో కంప్యూటరు ఒక ఫోటో తీసినట్టు దాచి వుంచుతుంది. మొదట అది చూశాను. బండి వేగం సున్నా. ఇంజను నిమిషానికి 680 చుట్లు. వేడి సుమారు 90 డిగ్రీల సెంటిగ్రేడు. అంటే ఇంజను బాగా వేడెక్కి, బండి నిలబడి వున్నప్పుడు వెలిగింది. ఎత్తు ఎక్కుతున్నప్పుడో, బరువు లాగుతున్నప్పుడో కాదు. పెట్రోలు పంపు నీరసించి వుంటే ఆ నీరసం బరువు లాగేటప్పుడు బయటపడాలి. కనుక పంపు మీద నాకు అనుమానం సగం తీరింది.

తరువాత కంప్యూటరు నూటికి ఎన్ని వంతుల పెట్రోలు అదనంగా పోస్తున్నదో చూశాను. బండి నిలబెట్టి ఇంజను ఊరకే తిరుగుతున్నప్పుడు మొదటి వరుసకు 22, రెండవదానికి 24. తోటమాలిని కాలు అదమమని, చుట్లు 2500కు పెంచి అక్కడ నిలిపితే ఆ అంకెలు మెల్లగా దిగి 6, 7 దగ్గర ఆగినవి. నాకు కావలసిన జవాబు అదే. గోదావరి డెల్టా రైతులకు దీనిని ఒక్క ముక్కలో చెప్పవచ్చు. తూము దగ్గర లస్కరు కొలిచి వదిలిన నీటిలో, దిగువన దొంగదారిన ఒక పిల్లకాలువ వచ్చి కలుస్తున్నదనుకోండి. ఎండాకాలం కాలువ సన్నగా పారుతున్నప్పుడు ఆ దొంగనీటితో లెక్క ఎంతో తప్పుతుంది. వరదరోజుల్లో కాలువ నిండుగా పారేటప్పుడు అదే దొంగనీరు లెక్కకు రాదు. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు తప్పు పెద్దదై, వేగంగా తిరిగేటప్పుడు చిన్నదైందంటే, కొలిచే తీగను తప్పించుకుని ఎక్కడో చిల్లు గుండా గాలి లోపలికి పోతున్నదన్నమాట. తీగకే దుమ్ము పట్టి లెక్క తక్కువ చెబుతున్నట్లయితే, గాలి పెరిగిన కొద్దీ తప్పు కూడా పెరిగేది గాని ఇట్లా తగ్గేది కాదు.

చిల్లు వెతకటానికి కొందరు వేడి ఇంజనుపై మండే ద్రవాలు చిమ్ముతారు. చిల్లు వున్న చోట ఆ ద్రవం లోపలికి పీల్చబడి ఇంజను చప్పుడు మారుతుంది. ఆ పద్ధతి నాకు ఇష్టం లేదు, నిప్పుతో పరాచికాలు. పెద్ద గ్యారేజీలలో పొగ నింపి చూసే యంత్రం వుంటుంది. మా దగ్గర లేనిదల్లా అదే. తోటమాలి బండిలోనే ఒక గజం పొడుగు రబ్బరు గొట్టం దొరికింది. ఒక కొస చెవికి ఆనించుకుని, రెండవ కొసను ఇంజనుపై ఒక్కొక్క అతుకు దగ్గరికీ తీసుకుపోయినాను. డాక్టరు ఛాతీకి స్టెతస్కోపు పెట్టినట్టే. ముందువైపు తిరిగే ఫ్యానూ బెల్టూ వుంటవి కనుక చొక్కా చేతులు పైకి మడిచి, గొట్టం వాటి జోలికి పోకుండా చూసుకోవాలి. మనుమరాలిని నాలుగడుగుల దూరాన నిలబెట్టాను.

ముందువైపు ఏమీ లేదు. మధ్యలోనూ లేదు. మానిఫోల్డు వెనుక, డ్రైవరు ముందుండే ఇనుప గోడకు ఆనుకున్నంత ఇరుకులో, పాము బుసకొట్టినట్టు చప్పుడు వినిపించింది. ఇంజను ఆర్పి, చల్లారనిచ్చి, చేయి వెనక్కి పోనిచ్చి తడిమాను. అక్కడ మోచేతిలాగా వంగిన రబ్బరు గొట్టం ఒకటి వుంటుంది. పైనుండి చూస్తే నున్నగా, కొత్తదానిలాగా వున్నది. అడుగుభాగం మాత్రం నూనెకు నాని, మగ్గిన అరటిపండు తొక్కలాగా మెత్తబడి, నా వేలు పట్టేటంత పొడుగున చీలి వున్నది.

ఆ గొట్టం చేసే పని కూడా పొగకు సంబంధించినదే. పిస్టన్ల పక్కనుండి కిందికి జారిన వాయువులను వెనుకటి రోజుల్లో రోడ్డుమీదికి వదిలేసేవారు. వాటిని మళ్లీ ఇంజనులోకే పీల్పించి మండించే ఏర్పాటు 1960ల తొలి సంవత్సరాలలో వచ్చింది. మోటారు బండ్లకు తగిలించిన తొలి కాలుష్య నివారణ సాధనాలలో అది ఒకటి. తాత చేతికి దెబ్బ తగిలితే మనుమడు కేకవేసినట్టు, ఆ పాత సాధనం చీలితే ఈ కొత్త దీపం వెలిగింది.

కొత్త గొట్టం పదకొండు డాలర్లు. బిగించటానికి అరగంట పట్టింది. చేయి దూరని చోటు కావటం వల్ల అంతసేపు గాని, పని నిజానికి అయిదు నిమిషాలది. ఇంజను తిప్పితే అంకెలు కళ్లముందే దిగసాగినవి. తోటమాలి ఫోను వంకా నా వంకా మార్చి మార్చి చూసి మనుమరాలితో ఏదో అన్నాడు.

“తాతయ్యా, ఇంతేనా అని అడుగుతున్నారు,” అన్నది.

ఇంతే కాదు. పొగ పరీక్షలో ఇంకొక మెలిక వున్నది. స్కానరుతో సంకేతాలు చెరిపివేస్తే దీపం ఆరుతుంది గాని, దానితోపాటు కంప్యూటరు తన భాగాలన్నిటిపైన అంతవరకూ చేసుకున్న పరీక్షల ఫలితాలు కూడా చెరిగిపోతవి. బ్యాటరీ తీగ ఊడదీసి పెట్టినా అంతే. పరీక్ష రోజు పొద్దున దీపం ఆర్పి తీసుకువచ్చే గడుసువారిని పట్టుకోవటానికే, ఆ సొంత పరీక్షలు పూర్తి అయినవా లేదా అని కూడా అక్కడ చూస్తారు. 2000 నమూనా నుండి వచ్చిన పెట్రోలు బండ్లకు, పెట్రోలు ట్యాంకు ఆవిరిని కనిపెట్టే పరీక్ష ఒక్కటి తప్ప మిగిలినవన్నీ పూర్తి కావాలి. అందుకు బండిని రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున కొంతసేపు నిలబెట్టి తిప్పి, తరువాత పెద్దరోడ్డుపై ఒకే వేగాన నడిపి, కాలు తీసివేసి దానంతట అదే నెమ్మదించేలాగా చేయాలి. తోటమాలి పనికి పోతూ వస్తూ వారంరోజులు అట్లాగే నడిపాడు. సాయంత్రం మా వాకిట ఆగి, ఏవి పూర్తి అయినవో ఏవి మిగిలినవో చూసుకుని పోయేవాడు. కన్వర్టరు పరీక్ష అన్నిటికన్నా ఆలస్యమైంది. గ్యారేజీవారు మార్చమన్న ఆ రెండు పాత కన్వర్టర్లూ అయిదవ రోజున తమ పరీక్షలో నెగ్గినవి.

ఆ వాకిటి సాయంత్రాలలోనే ఒక సంగతి తెలిసింది. అతని చిన్న కొడుకుకు ఉబ్బసం. ఆ లోయకు తూర్పున సియెరా నెవాడా కొండలు, పడమట సముద్రతీరపు కొండలు, దక్షిణాన మరొక వరుస. పొయ్యి మీద మూకుడులాగా మధ్యన నిలిచిపోయిన గాలికి పోయే దారి లేదు. వేసవిలో ఓజోను, చలికాలంలో సన్నని ధూళి. పిల్లవాడు బడిసంచీలో మందు గొట్టం పెట్టుకుని తిరుగుతాడు. ఈ చట్టం బీదవాడి బండిపై పడి ఏడుస్తున్నదని నేను ఆ తండ్రితో అనబోతే, అతడు తల అడ్డంగా ఊపాడు. చట్టంతో తనకు పేచీ లేదట. ఏమి చెడిందో చెప్పకుండా రెండువేల డాలర్లు అడగటంతోనే అతని పేచీ. అందులో న్యాయం వున్నదని నాకు తోచింది. పాత బండ్లు బీదవారి దగ్గరే వుంటవి. వాటి పొగ ఎక్కువగా పీల్చేదీ రోజంతా బయట పనిచేసే ఆ మనుషులే. దీపానికి అర్థం తెలియక డబ్బు పోగొట్టుకునేదీ వారే. కొత్త కారు వున్నవాడికి ఆ దీపం వెలిగితే వారంటీ కాగితం చేతిలో వుంటుంది.

గడువుకు నాలుగు రోజుల ముందు బండి పొగ పరీక్షలో నెగ్గింది. ఆ కాగితం మా అమ్మాయికి చూపించటానికి వచ్చినప్పుడు అతడు ఒక సంచీడు నిమ్మకాయలు తెచ్చాడు. నేను మరొకసారి స్కానరు గుచ్చి అంకెలు రాసుకున్నాను. డిపోలో ప్రతి బండికీ ఒక పుట కేటాయించే అలవాటు నాకింకా పోలేదు. ఆ పుటలో చివరి పద్దు ఇది: “ఊరకే తిరుగుతున్నప్పుడు మొదటి వరుస 2, రెండవ వరుస 3. దీపం లేదు. రబ్బరు మోచేయి కొత్తది. వాల్వు కవరు ప్యాకింగు దగ్గర నూనె చెమ్మ వున్నది. ఆ నూనె పడితే కొత్త గొట్టం కూడా నానుతుంది. వచ్చే నెల మార్చవలె.”